దొంగ బండి – గంజాయి మూట

దొంగతనము, మత్తు – ఈ రెండును మనుష్యసంఘమునకు క్రొత్తవి కావు. క్రొత్తదేమనగా, ఇవి రెండును కలిసి పల్లెబాట పట్టుట. కారు దొంగతనమన్నను, మత్తు పదార్థముల వ్యాపారమన్నను, అవి మహానగరముల సంగతులని మన పెద్దలు చాలకాలము భావించిరి. నేడు తూర్పు కనుమల నడుమనున్న సంతపేటలలోను, కొండవాగుల ప్రక్కనున్న చిన్న గ్రామములలోను ఈ రెండు నేరములును ఒకదాని వెంట ఒకటి నడచుచున్నవి. ఇవి వేర్వేరు నేరములని తలచువారికి వీని పోకడ బోధపడదు. ఇవి ఒకే వ్యాపారమునకు రెండు చక్రములు. ఆ బండి ఎట్లు నడచుచున్నదో, ఎవరిని త్రొక్కిపోవుచున్నదో, దానిని నిలుపుటకు మన చేతిలోనున్న ఉపాయము లేవియో విద్యార్థులకు తెలియజెప్పుటయే ఈ వ్యాసము ఉద్దేశము.

సరిహద్దు స్వభావము

1936వ సంవత్సరము ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రముగా ఏర్పడినప్పుడు, అంతవరకు మద్రాసు రాజధానిలోనున్న గంజాము జిల్లాలో చాల భాగమును, జయపురము ప్రాంతమును దానిలో చేరినవి. ఆనాడు గీచిన గీతకు ఈవల మిగిలిన తెలుగువారము మనము. ఆ గీత దేశపటము మీద ఉన్నది గాని మన బంధుత్వముల మీద లేదు. పెండ్లి సంబంధములు ఇటునుండి అటునకు పోవుచునే యున్నవి. సంతకు పోవువారు రెండు భాషలలోను బేరమాడుచునే యున్నారు. మాచ్‌ఖండ్ నది క్రిందికి పోయి సీలేరు అను పేరు దాల్చును. నీటికి సరిహద్దు లేదు.

సరిహద్దు లేకుండుట మంచివారికి ఎంత మేలో, చెడ్డవారికిని అంత మేలు. ఆవల అల్లూరి సీతారామరాజు జిల్లాలోని చింతపల్లి, గూడెంకొత్తవీధి, పెదబయలు, ముంచింగిపుట్టు మండలములలోను, ఈవల మల్కనగిరి, కొరాపుట్ జిల్లాల కొండలలోను గంజాయి దొంగచాటుగా సాగగుచు వచ్చినది. అడవి దట్టము, ఊరికిని ఊరికిని దూరము, దారులు తక్కువ. బలిమెల జలాశయము వలన చిత్రకొండ ప్రాంతమున అనేక గ్రామములు దశాబ్దముల పాటు తక్కిన నేలనుండి తెగిపోయి, పడవల మీదనే రాకపోకలు సాగించినవి. 2018 జులై నెలలో గురుప్రియ వంతెన ప్రారంభమైన పిదపనే అచటికి సరియైన రోడ్డు దారి ఏర్పడినది. దారి లేని చోట రైతు పండించిన పంటకు ధర లేదు. పసుపు పండించినను, రాగులు పండించినను, వానిని కావిడి మీద గాని, నెత్తిమీద గాని సంతకు మోసికొని పోయి, షావుకారు చెప్పిన ధరకు అమ్ముకొని రావలసినదే.

అట్టి చోటికి గంజాయి వర్తకుడు వచ్చును. అతడు విత్తనము తానే తెచ్చును. ముందుగా సొమ్ము ఇచ్చును. పంటను ఇంటి ముంగిటనే కొనిపోవును. ఆకలితోనున్న వానికి ఇది వరమువలె కనబడును. కాని ఆ రైతునకు దక్కునది అతి స్వల్పము. సరకు ఒక్కొక్క సరిహద్దు దాటినకొలది దాని ధర పెరిగి, దూరనగరము చేరునప్పటికి ఎన్నో రెట్లగును. లాభము పొలములో లేదు, దూరములో ఉన్నది. కావున ఈ వ్యాపారమునకు ప్రాణము సాగు కాదు, రవాణా. రవాణాకు వాహనము కావలెను. ఇచటనే రెండవ నేరము మొదలగును.

దొంగ వాహనమే ఎందులకు?

గంజాయిని గురించి మన చట్టము చెప్పునది ముందు తెలిసికొనవలెను. బ్రిటిషు వారి కాలమున గంజాయి లైసెన్సు గల దుకాణములలో అమ్ముడుపోయెడిది. దాని వాడుకను విచారించుటకు 1893–94లో ఒక కమిషను కూడ పనిచేసినది. 1961లో మత్తు పదార్థములను గురించి అంతర్జాతీయ ఒడంబడిక జరిగినది. మన పార్లమెంటు 1985లో మాదక ద్రవ్యముల చట్టమును చేసినది. అది ఆ సంవత్సరము నవంబరు 14వ తేదీనుండి అమలులోనికి వచ్చినది. ఈ చట్టము ప్రకారము గంజాయి అనగా ఆ మొక్కయొక్క పూతతోగాని కాయతోగాని కూడిన కొనలు. ఆకుతో చేయు భంగు ఈ నిర్వచనములోనికి రాదు. దానికి ఆయా రాష్ట్రముల ఎక్సైజు చట్టములు వర్తించును. గంజాయిని అనుమతి లేక పండించుట, దాచుట, అమ్ముట, కొనుట, మోయుట – అన్నియు నేరములే.

ఈ చట్టములోనే 60వ సెక్షను కలదు. గంజాయిని మోసిన వాహనమును ప్రభుత్వము జప్తు చేయవచ్చునని అది చెప్పుచున్నది. తనకు తెలియకుండ ఆ పని జరిగినదనియు, తాను తగిన జాగ్రత్తలన్నియు తీసికొంటిననియు యజమాని నిరూపించుకొన్నగాని వాహనము విడుదల కాదు. వర్తకుడు తన సొంత కారులో సరకు పంపి పట్టుబడినచో, కారు పోవును; కారుతోపాటు పేరు బయటపడును. దొంగ కారైనచో అతనికి నష్టము లేదు. తనిఖీ కనబడినంతనే నడుపువాడు దానిని రోడ్డు ప్రక్కన వదలి పారిపోవచ్చును. పోలీసులు నంబరు పట్టుకొని వెదుకుచు పోయినచో, ఆ దారి వర్తకుని ఇంటికి గాక, కారు పోగొట్టుకొన్న అమాయకుని ఇంటికి చేరును.

అందువలన ఒక రాష్ట్రములో దొంగిలించిన వాహనమునకు మఱియొక రాష్ట్రములో నంబరు పలక మార్చి, మూడవ రాష్ట్రములో సరకు ఎక్కించుట ఈ వ్యాపారపు పద్ధతి. కొందరు అదే రకము, అదే రంగు గల వేరొక కారు నంబరును దొంగ కారునకు తగిలింతురు. అట్టి నంబరును విచారించినచో రికార్డులో దోషమేమియు కనబడదు. అద్దెకు తీసికొనిపోయి తిరిగి ఈయని కార్లును, అమ్మిన పిదప పేరు మార్పింపబడని పాత కార్లును ఇట్లే ఉపయోగపడుచున్నవి.

మోటారు సైకిళ్ల సంగతి మఱియొక విధము. కొండదారిలో సరకును రోడ్డు వరకు చేర్చుటకు అవియే తగినవి. సరకు కారునకు ముందు నడచుచు, తనిఖీ జరుగుచున్నదేమో చూచి కబురు పంపుటకును అవియే. కొన్నిచోట్ల పట్టణములో దొంగిలించిన మోటారు సైకిలును కొండమీదికి తెచ్చి, సొమ్మునకు బదులు దానినే ఇచ్చి గంజాయి కొనుచున్నారు. మత్తునకు అలవాటుపడిన యువకుడు ఆనాటి మత్తునకు చేతిలో పైకము లేక, సంతలో నిలిపియున్న బండిని ఎత్తుకొనిపోవుటయు కలదు. ఈ విధముగా దొంగతనము గంజాయికి కాలుగాను, గంజాయి దొంగతనమునకు ఆకలిగాను మారినవి.

పాపమెవరిది, శిక్ష యెవరికి?

ఈ వ్యాపారములో నాలుగైదు మెట్లుండును. పైమెట్టున పెట్టుబడి పెట్టువాడు. అతడెవరో క్రిందివారికి తెలియదు. అతని తరువాత బేరగాడు. అతడు టెలిఫోనులో మాత్రమే మాటలాడును. పిదప వాహనము సమకూర్చువాడు. అట్టడుగున బండి నడుపువాడును, మూటలెత్తు కూలివాడును. పట్టుబడునది సాధారణముగా ఈ చివరివారే. "తిలాపాపము తలా పిడికెడు" అందురు. ఈ వ్యాపారములో అట్లు కాదు. లాభము తలా పిడికెడు పంచుకొందురు గాని, పాపమంతయు అట్టడుగు వాని తలమీదనే పడును.

ఆ అట్టడుగు వాడెవరు? తరచుగా అతడు పదవ తరగతితో చదువు మానినవాడు, డ్రైవింగు నేర్చికొని పనికై చూచుచున్నవాడు, ఇంట అప్పున్నవాడు. అతనితో, "ఈ కారును ఫలానా ఊరు చేర్చిరమ్ము, అచట ఒకరు వచ్చి తీసికొందురు, లోపల ఏమున్నదో నీకెందుకు?" అందురు. ఒక్క రాత్రికి నెల జీతమంత చూపుదురు. ఆ రాత్రి విలువ ఎంతో చట్టము చెప్పును, వినుడు.

గంజాయి ఒక కిలో లోపల ఉన్నచో ఒక సంవత్సరము వరకు కఠిన శిక్షయు, 10,000 రూపాయల వరకు జరిమానాయు కలవు. అంతకు మించి 20 కిలోల వరకైనచో 10 సంవత్సరముల వరకు శిక్ష, లక్ష రూపాయల వరకు జరిమానా. 20 కిలోలు దాటినచో దానిని వాణిజ్య పరిమాణమందురు. అప్పుడు శిక్ష 10 సంవత్సరములకు తగ్గదు, 20 సంవత్సరముల వరకు ఉండవచ్చును. జరిమానా లక్షనుండి రెండు లక్షల వరకు. మనము అంగడిలో కొను 25 కిలోల బియ్యపు సంచి కంటె చిన్న మూట చాలును, 19 ఏండ్ల కుఱ్ఱవాడు కనీసము 29 ఏండ్లు నిండువరకు చెరలో నుండుటకు. వాణిజ్య పరిమాణమైనచో బెయిలు దొరకుటయు మిక్కిలి కష్టము. నిందితుడు దోషి కాడని నమ్ముటకు తగిన కారణమున్నదని న్యాయస్థానము తలచినగాని విడుదల లేదు.

"మూటలో ఏమున్నదో నాకు తెలియదు" అన్నచో సరిపోదా? సరిపోదు. సాధారణ నేరములలో నేరస్థుని మనస్సులోని ఉద్దేశమును ప్రభుత్వమే నిరూపింపవలెను. ఈ చట్టములోని 35, 54 సెక్షనుల ప్రకారము, సరకు తన స్వాధీనమున నుండి పట్టుబడినచో, నిందితునికి దానిని గూర్చి తెలియుననియే న్యాయస్థానము మొదట భావించును. తెలియదని నిరూపించుకొను భారము అతనిమీదనే పడును. పెట్టుబడిదారుని పేరుగూడ తెలియని ఆ కుఱ్ఱవాడు ఏమని నిరూపించును? "అడుసు త్రొక్కనేల, కాలు కడుగనేల" అను సామెత ఇచట అక్షరాల నిజము.

పదునెనిమిది ఏండ్లు నిండనివారిని ఇట్టి పనికి వాడుకొనుటయు జరుగుచున్నది. బాలునికి శిక్ష తక్కువ గదా యని వారి యుక్తి. కాని 2015వ సంవత్సరపు బాలల న్యాయచట్టము మత్తు పదార్థములను అమ్మించుటకో మోయించుటకో బాలుని వాడుకొన్నవానికి 7 సంవత్సరముల వరకు కఠిన శిక్షయు, లక్ష రూపాయల వరకు జరిమానాయు విధించుచున్నది. బాలునికి మత్తు పదార్థమిచ్చిన వానికిని అట్టి శిక్షయే కలదు. చట్టము దృష్టిలో ఆ బాలుడు రక్షింపదగినవాడు. కావున అట్టి ఒత్తిడికి గురియైన విద్యార్థి భయపడి దాచుకొనక, తల్లిదండ్రులకో ఉపాధ్యాయునకో వెంటనే చెప్పవలెను. 1098 అను బాలల సహాయ నంబరునకును తెలుపవచ్చును.

ఊరికి కలుగు నష్టము

శిక్ష ఒకనికి పడినను, నష్టము ఊరంతటిది. కూరగాయలు సంతకు చేర్చు చిన్న బండిని పోగొట్టుకొన్న రైతునకు ఆదాయము ఆగును గాని, బండిమీది అప్పు వాయిదాలు ఆగవు. గంజాయి సాగైన కొండకు పోలీసులు వచ్చినచో, సాగు చేయని వారి ఇండ్లను గూడ వెదకుదురు. అమ్మకమునకు పోవు సరకులో కొంత ఊరిలోనే మిగులును. దానికి మొదట అలవాటుపడువారు మన యువకులే. మనుష్యుని మెదడు ఇరువది ఏండ్లు దాటిన పిదపకూడ ఎదుగుచునే యుండును. ఆ ఎదుగు వయస్సున గంజాయి త్రాగువారికి జ్ఞాపకశక్తియు, ఏకాగ్రతయు సన్నగిల్లును. కొందరికి మతిభ్రమణము కలుగు ప్రమాదమును కలదని వైద్యులు చెప్పుచున్నారు.

అన్నిటికంటె పెద్ద నష్టము నమ్మకము పోవుట. పల్లెలో తలుపునకు తాళము లేకున్నను నిద్రపట్టునది నమ్మకము వలననే. పొరుగువాని బండిని అడిగి ఆసుపత్రికి పోగలుగునది నమ్మకము వలననే. అది పోయిన పిదప ఊరు ఇండ్ల గుంపుగా మిగులును. ఈ అనుమానపు వేళ కొండమీది ఆదివాసి సోదరులనందరిని నేరస్థులుగా చూచుట, వేరు భాష మాటలాడువానిని దొంగ యనుకొనుట మఱియొక అన్యాయము. అల్పసంఖ్యాకులుగా బ్రతుకుచున్న మనకు అట్టి చూపు ఎంత నొప్పించునో బాగుగా తెలియును.

ప్రభుత్వముల యత్నము

ఆంధ్రప్రదేశ్ పోలీసులు 2021లో "పరివర్తన" అను పేరుతో ఏజన్సీ ప్రాంతమున వేల ఎకరముల గంజాయి తోటలను నరికించిరి. 2022 ఫిబ్రవరిలో, పట్టుబడిన సుమారు 2 లక్షల కిలోల గంజాయిని అనకాపల్లి సమీపమున ఒక్కచోట పోసి తగులబెట్టిరి. 2024 నవంబరులో ఆ రాష్ట్రము "ఈగల్" అను ప్రత్యేక దళమును నెలకొల్పినది. దానికి సమాచారమిచ్చు నంబరు 1972. ఒడిశాలోను ప్రత్యేక కార్యదళము ఈ నేరములపై పనిచేయుచున్నది.

అయినను మొక్కను నరికినంతమాత్రమున వేరు పోదు. ఒకవైపు అణచిన సాగు కొండకు రెండవవైపున తలయెత్తును. రైతునకు వేరొక దారి చూపినగాని ఈ దారి మూసికొనదు. ఆ దారి లేకపోలేదు. అరకు లోయ కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించినది. కొరాపుట్ కాలాజీరా బియ్యమునకు 2024లో ఆ గౌరవమే దక్కినది. కాఫీ, మిరియము, పసుపు, సువాసన గల బియ్యము – ఇవి పోలీసును చూచి దాచుకొననక్కరలేని పంటలు. వీనికి దారియు, ధరయు కల్పించుట తుపాకి కంటె ఎక్కువ పనిచేయును.

మనము చేయవలసినది

వాహనము గలవారు బండి పోయినదని తెలిసినంతనే ఫిర్యాదు చేయవలెను. "దొరకునేమో చూతము" అని రెండు దినములు ఆగుట ప్రమాదము. ఆ రెండు దినములలో ఆ బండి గంజాయి మోసి పట్టుబడినచో, తాను నిర్దోషినని చూపుటకు ఫిర్యాదే ఆధారము. 2024 జులై 1వ తేదీనుండి అమలులోనున్న నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షను ప్రకారము, నేరము ఎచట జరిగినను ఏ పోలీసు ఠాణాలోనైనను సమాచారమీయవచ్చును. "ఇది మా పరిధి కాదు" అని త్రిప్పిపంపరాదు. ప్రతిని ఉచితముగా ఈయవలెను. సాలూరు సంతలో బండి పోగొట్టుకొన్న కొరాపుట్ వాసి తన ఊరి ఠాణాలోనే ఫిర్యాదు చేయవచ్చునన్నమాట. సరిహద్దువాసులకు ఇది గొప్ప సౌకర్యము. ఇంజను నంబరును, ఛాసీస్ నంబరును ఇంట వ్రాసి ఉంచుకొనవలెను.

బండిని అమ్మినవారు సొమ్ము చేతికి వచ్చినదని ఊరకుండరాదు. పేరు మార్పును గూర్చి 14 దినములలో రవాణా కార్యాలయమునకు తెలుపవలెను. కొన్నవాడు వేరు రాష్ట్రము వాడైనచో 45 దినముల గడువు కలదు. పేరు మారనంతకాలము ఆ బండి చేసిన ప్రతి పాపమునకు మొదటి ప్రశ్న పాత యజమానికే వచ్చును.

పాత బండిని కొనువారు "కాగితములు తరువాత వచ్చును" అను మాటను నమ్మరాదు. రిజిస్ట్రేషను పత్రములోని ఛాసీస్ నంబరును బండిమీద చెక్కిన నంబరుతో పోల్చి చూడవలెను. 2019 ఏప్రిల్ 1వ తేదీనుండి తయారైన వాహనములకు ప్రత్యేకమైన భద్రతా నంబరు పలక ఉండును. దానిమీద హోలోగ్రాము గుర్తును, లేసరుతో చెక్కిన సంఖ్యయు కనబడును. దానిని మామూలుగా విప్పుటకు వీలుకాదు. అది లేని క్రొత్త బండిని శంకింపవలసినదే. దొంగసొత్తని తెలిసియో, అట్లు తలచుటకు కారణముండియో కొన్నవానికి న్యాయ సంహిత 317వ సెక్షను ప్రకారము 3 సంవత్సరముల వరకు శిక్ష కలదు. లక్ష రూపాయల బండి పదివేలకు వచ్చుచున్నదనిన, ఆ ధరయే ఒక కారణము.

గ్రామ పెద్దలకును బాధ్యత కలదు. తన భూమిలో ఇట్టి సాగు జరిగినదని తెలిసిన భూస్వామియు, తన గ్రామములో జరిగినదని తెలిసిన సర్పంచి, తదితర గ్రామాధికారులును వెంటనే అధికారులకు తెలుపవలెనని మాదక ద్రవ్యముల చట్టమే 46, 47 సెక్షనులలో ఆజ్ఞాపించుచున్నది. సామాన్యులు 1933 అను జాతీయ నంబరునకు, తమ పేరు చెప్పకయే సమాచారమీయవచ్చును.

మత్తునకు లోబడిన వానిని గూర్చి ఒక మాట. అతడు రోగి, వెలివేసినచో వర్తకుని వద్దకే పోవును. తనకై తాను చికిత్సకు సిద్ధపడిన వ్యసనపరునికి, తాను త్రాగిన నేరమునను, స్వల్ప పరిమాణము నేరమునను శిక్షనుండి మినహాయింపు కోరు అవకాశమును చట్టము 64ఏ సెక్షనులో కల్పించినది. చికిత్సను పూర్తి చేయుట దాని నియమము. చికిత్సకు దారి చూపుటకు 14446 అను ఉచిత నంబరు కలదు.

ఇక విద్యార్థులారా! మీరు దొంగలను వెంబడింపనక్కరలేదు. అది పోలీసుల పని, అపాయకరము కూడ. మీరు చేయగలిగినది వేరు. మీ ఇంటనో మీ వీధినో, చదువు మాని పనికై తిరుగుచున్న అన్నయో, మామయో ఉండవచ్చును. "ఒక్క రాత్రి బండి నడిపినచో ఇంత యిత్తురట" అని అతడు చెప్పిననాడు, ఇరువది కిలోల లెక్కను అతనికి చెప్పుడు. ఎవరి కారో తెలియని కారును, ఏమున్నదో తెలియని మూటను తాకవద్దని చెప్పుడు. పెట్టుబడి పెట్టినవాడు చెరసాల గుమ్మము వద్దకుకూడ రాడని చెప్పుడు. ఈ వ్యాపారము అట్టడుగు వాని అజ్ఞానము మీదనే నడచుచున్నది. అజ్ఞానము తొలగిననాడు బండి నడుపువాడు దొరకడు. నడుపువాడు దొరకనినాడు ఎంత పెట్టుబడి పెట్టిన వర్తకుని సరకైనను కొండ దిగదు. మీరు చదివిన చదువు మీ ఊరికి వేయు మొదటి తాళము ఇదియే.